ఎనిమిది అంతస్తులూ ఒక కొబ్బరికాయా

నిన్న మా ఆవిడ ఇంట్లో ఉన్న కొబ్బరికాయలన్నీ పగలగొట్టేసింది. పండగ కాదు, మొక్కు కాదు. వీధి క్షేమం కోసమట. పీచు తీసినవీ తియ్యనివీ సరే, దేవుడి గూట్లో కలశం మీద కూర్చున్న కాయని కూడా దించి కొట్టేసింది. ఇప్పుడు పూటపూటా పచ్చడే. నా నోట్లో మిగిలినవి నాలుగు పళ్ళు కాబట్టి పచ్చడైతే నాకు సుఖమే, కాని ఒక్కో ముద్దకీ ఆవిడ నా వంక ఓసారి చూస్తోంది. ఎందుకో చెప్తాను. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది.

మాది విశాఖపట్నంలోని గోపాలపట్నం. పోర్టులో కళాసీగా చేరి, పగలు మూటలు మోసి, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. పెద్దయ్యాక నేర్చుకున్నవి కదా, ఒక్కొక్క అక్షరం గట్టిగా, లావుగా రాస్తాను. చదువుకన్నా ముందు నాకు అబ్బిన విద్య ఇంకొకటుంది. నీళ్ళు చూడటం. పీచు తీసిన కొబ్బరికాయని అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, చెప్పులు విడిచి, నేల మీద నెమ్మదిగా నడుస్తాను. కింద నీళ్ళుంటే కాయ పిలక పైకెత్తుకుని లేచి నిలబడుతుంది. లేకపోతే పడుకునే ఉంటుంది. కొందరు వేప పంగకర్రతో చూస్తారు, నాకు అదీ వచ్చు గాని కాయే అలవాటు. ఇది రక్తంలో ఉండాలంటారు, ఫలానా గ్రూపు వాళ్ళకే పలుకుతుందంటారు. మా బావ అప్పలస్వామిదీ నాదీ ఒకటే గ్రూపు. వాడి చేతిలో కాయ పెడితే వాడికంటే ముందు అది నిద్రపోతుంది.

మా వీధిలో ఇంటికో నుయ్యి. అందులో సగం నేను చూపించిన చోట తవ్వినవే. ఒక్కటీ తప్పలేదు. ఈ మాట నేను చెప్పుకోవడం బాగుండదు, అయినా చెప్పుకుంటాను.

వీధి చివర ఒక పాత టింబరు డిపో ఉండేది. అది మూతపడి, తుప్పలు మొలిచి, పిల్లలు క్రికెట్ ఆడుకునేవాళ్ళు. ఓ రోజు పొద్దున్నే లేచేసరికి అక్కడ పెద్ద బోర్డు వెలిసింది. ఎనిమిది అంతస్తుల అపార్ట్‌మెంటు. బోర్డు మీద బొమ్మలో ఈత కొలను ఉంది, ఎర్ర కారు ఉంది, కుక్కపిల్లని పట్టుకున్న ఆడమనిషి ఉంది. మా వీధి మాత్రం లేదు. మా ఇళ్ళుండాల్సిన చోట పచ్చగడ్డి వేశారు.

మా వీధిలో డాబా మీద ఇంకో గది వేసినవాడే గొప్పవాడు. అక్కడ ఎనిమిది అంతస్తులంటే ఎండ ఎటు నుంచి వస్తుంది? అంతమంది స్నానాలకి ఒక్క బోరు వేసి లాగితే మా నూతుల్లో ఏం మిగులుతుంది? కుళాయి నీళ్ళు మాకు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ సన్నంగా. నుయ్యి పోతే మేం పోయినట్టే.

అందుకని కమిటీ పెట్టాం. ప్రెసిడెంటు మూర్తి గారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటు ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. వైస్ ప్రెసిడెంటు మా బావ. నన్ను దేనికీ పెట్టలేదు గాని, పనంతా నేనే చేశాను. మా ప్రహరీ గోడ మీద ఆ చివర నుంచి ఈ చివరకి, నా లావు అక్షరాలతో, నల్ల రంగుతో రాశాను: ఎనిమిది అంతస్తులు వద్దు. నాలుగుకి మించితే ఊరుకోం. రంగు మంచిది వాడాను, పదేళ్ళు పోకూడదని. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

నెలల తరబడి తిరిగాం. అర్జీలిచ్చాం, ఆఫీసుల ముందు కూర్చున్నాం, మేం ముందు నడిస్తే మా ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని వెనక నడిచారు. చివరికి ఆ బిల్డరే మూర్తి గారి డాబా మీదికి మీటింగుకి వచ్చాడు. కుర్రాడు. ప్రసాదు అని పేరు. తెల్ల చొక్కా, చేతిలో సెల్‌ఫోను, నోట్లో తేనె.

"మీరు పెద్దవాళ్ళు, మీతో గొడవ నాకెందుకండి. ఆ తూర్పు మూల రెండు బోర్లు వేశాను, రెండూ దుమ్మే. నీళ్ళు లేకపోతే ఎనిమిది కడితే మాత్రం ఎవరు కొంటారు? మూడోది వేస్తాను. ఆ పాయింటు మీరే చూపించండి. అదీ పడకపోతే మీరన్నట్టే నాలుగుతో ఆపేస్తాను. అందరి ముందూ చెప్తున్నాను."

మేం పాయింటు చూపించడమేమిటని అందరూ మొహాలు చూసుకుంటున్నారు. అప్పుడు వాడు నా వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సింహాచలం తాతగారంటే మీరే కదండీ. ఈ చుట్టుపక్కల మీ కాయ లేచిన చోట నీళ్ళు పడకపోవడమన్నది లేదట కదా. మా మావయ్య చెప్పారు."

వాడి మావయ్య ఎవరో నాకు తెలీదు. కాని మనిషి మంచివాడై ఉంటాడనిపించింది.

బిల్డరు వెళ్ళగానే మూర్తి గారు నా భుజం మీద చెయ్యేశారు. ఆయన ఎప్పుడూ అంత చనువు తీసుకోరు. "ఏవండీ సింహాచలం గారూ, దేవుడే మన చేతిలో పెట్టాడండి. ఓ బండరాయి చూసి, ఇదే పాయింటని చెప్పెయ్యండి. పని అయిపోతుంది."

"కాయ లేవకుండా ఎలా చెప్తానండీ?"

బావ అందుకున్నాడు. "కాయి లేపితే లేత్తాది, లేపకపోతే లేవదు. అదేటి బావా, నీకు తెలీదా?"

"లేవడం లేవకపోవడం నా సేతిలో లేదు బావా."

"నీ సేతిలోనే కదేటి ఉంటాది!"

డాబా అంతా నవ్వింది. నేను నవ్వలేదు. కాని వీధి బతకాలి కదా. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. అబద్ధం చెప్పక్కర్లేదు. డిపోలో పడమటి వైపు పెద్ద నల్ల బండ ఒకటి పైకి తేలి ఉంది. అక్కడ గడ్డి కూడా మొలవదు. ఆ బండ అంచునే నడుస్తాను. కాయ లేవదు. ఇక్కడ నీళ్ళు లేవని నిజమే చెప్తాను. వీధికి వీధి, మాటకి మాట, రెండూ దక్కుతాయి.

మర్నాడు వీధి వీధంతా వచ్చింది. నేను చెప్పులు విడిచి, కాయ అరచేతిలో పెట్టుకుని, బండ అంచున బయల్దేరాను. కాయ బుద్ధిగా పడుకుని ఉంది. సగం దూరం వెళ్ళాను. మూర్తి గారు కళ్ళతోనే మెచ్చుకుంటున్నారు. ఇంకో నాలుగడుగులు వేశాను. అరచెయ్యి జివ్వుమంది. కాయ ఊగింది. నేను పైకి చూశాను, అది ఆగుతుందేమోనని. ఆగలేదు. పెళ్ళిపీటల మీంచి లేచిన పెళ్ళికొడుకులాగ పిలక ఎగరేసుకుని నిటారుగా నిలబడింది.

బొటనవేలితో అదిమి పడుకోబెట్టొచ్చు. ఒక్క క్షణం అనుకున్నాను కూడా. కాని అంత పొగరుగా నా కాయ ఎప్పుడూ లేవలేదు. ఈ రాతి మీద, ఎవరూ కలలో కూడా అనుకోని చోట నీళ్ళున్నాయని కనిపెట్టినవాణ్ణి నేను. ఆ మాట నోట్లో దాచుకోవడం నా వల్ల కాలేదు.

"జల ఉంది," అన్నాను. "బాగా ఉంది."

బిల్డరు మనిషి పరిగెత్తుకొచ్చి అక్కడ సున్నంతో గుండ్రంగా గీత గీశాడు. కమిటీ వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. బావ వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "నీకు కాయి లేసింది సరే, నీ బుర్రెప్పుడు లేత్తాదో," అని వెళ్ళాడు. ఇంటికెళ్తే మా ఆవిడ నూకరత్నం అన్నం పెట్టింది గాని, కూర ఆమడ దూరంలో పెట్టింది.

రెండు రోజులకి రిగ్గు లారీ వచ్చింది. తమిళం వాళ్ళది. దాని మోత ఎలాంటిదంటే, మూడు వీధుల అవతల పసిపిల్లలు లేచి ఏడ్చారు. గొట్టం తరవాత గొట్టం దింపుతున్నారు. తెల్లటి రాతి దుమ్ము లేచి చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, మా మొహాల మీద పడుతోంది. మధ్యాహ్నానికి అందరం పిండి మర పనివాళ్ళలా ఉన్నాం. తడి మాత్రం లేదు.

మూడొందల అడుగులు దాటాక రిగ్గు ఆపేశారు. ఒప్పుకున్నది అంతవరకేనట. ఒక్కసారిగా వీధి నిశ్శబ్దమైపోయింది. రిగ్గు మనిషి బిల్డరు దగ్గరికి వచ్చి చేతులు తిప్పాడు. "తన్ని ఇల్లె సార్. నీళ్ళు లేదు."

అప్పుడు మొదలైంది నా సన్మానం.

మూర్తి గారు పరిగెత్తినంత పని చేసి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఏం బుర్రండీ బాబూ మీది! మేమేమో మిమ్మల్ని అపార్థం చేసుకున్నాం. బండ మీద పాయింటు పెట్టి, కాయ లేచినట్టు యాక్షన్ చేసి... అబ్బబ్బ."

"యాక్షన్ కాదండీ. కాయ నిజంగానే లేచింది."

"తెలుసండీ, తెలుసు. బయటికి అలాగే అనాలి," అని కన్ను కొట్టారు.

ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో బంతిపూల దండ తెచ్చి నా మెళ్ళో వేశారు. మూల హోటలు నుంచి టీలు, బజ్జీలు వచ్చాయి. బావకి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. "నాను నిన్ను నానా తిట్లూ తిట్టినాను బావా. ఇన్నేళ్ళకి తెలివైన పని ఒకటి సేసినావు. ఏటి యాక్సనూ, ఏటి యాక్సనూ. నాక్కూడా తెలకుండా సేసినావు."

"నాను యాక్సను సెయ్యలేదురా," అన్నాను.

"ఇంకా సేత్తన్నాడు సూడండి," అని అందరికీ చూపించాడు.

గెలిచాం. నాలుగంతస్తులే. ఎండ ఉంటుంది, నూతులు ఉంటాయి. నేను ఆ కుర్చీలో కూర్చుని బజ్జీ తింటే కథ అక్కడితో అయిపోయేది. బజ్జీ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇంతలో వెనక నుంచి పక్కవీధి ఆడవాళ్ళ మాటలు వినిపించాయి.

"ఈ తాత సూపించిన సోట నీళ్ళు పడనేదటమ్మా."

"మా ఇంటికాడ నూతికి ఈయన్నే పిలుద్దామనుకున్నాం. బతికిపోనాం."

బజ్జీ నా నోటిదాకా రాలేదు.

మీరే చెప్పండి. జీవితమంతా ఒక్క తప్పు లేకుండా నీళ్ళు చూపించినవాణ్ణి. రేపు ఎవరైనా నా గురించి మాట్లాడితే ఏమంటారు? మంచివాళ్ళైతే దొంగ యాక్షన్ చేశాడంటారు. చెడ్డవాళ్ళైతే కాయ పని చెయ్యలేదంటారు. నిజం చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. అక్కడ రిగ్గు వాళ్ళు గొట్టాలు పైకి లాగి సర్దుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళిపోతే నా నిజం కూడా ఆ గోతిలోనే ఉండిపోతుంది.

లేచాను. మెళ్ళో దండతోనే వెళ్ళి లారీ ముందు నిలబడ్డాను.

"ఎక్కడికెళ్తున్నారు? దింపండి గొట్టం."

రిగ్గు మనిషి బిల్డరు వంక చూశాడు. బిల్డరు తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి దులుపుకుంటూ వచ్చాడు. పాపం, కుర్రాడి మొహం చూస్తే జాలేసింది.

"వదిలెయ్యండి తాతగారూ. మీ తప్పేం లేదు. నాకింతే రాసిపెట్టి ఉంది. మాటిచ్చాను కదా, నాలుగంతస్తులే కట్టుకుంటాను."

ఇన్ని నెలలుగా మేం ఎండల్లో తిరిగింది ఈ ఒక్క మాట కోసం. ఆ మాట వాడి నోటంట వచ్చింది. దానికి నేను ఏమన్నానో వినండి. రిగ్గు ఆగి ఉంది కదా, వీధి చివర ఉన్నవాళ్ళకి కూడా వినబడింది.

"నాలుగేటి బాబూ! ఎనిమిదీ కట్టుకుందువు గాని, ముందు గొట్టం దింపు. నా కాయి అబద్ధం ఆడదు."

వెనక ఎవరి చేతిలోంచో టీ గ్లాసు పడి పగిలింది. చూడలేదు. చూస్తే ఆగిపోతానేమోనని చూడలేదు.

బావ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగాడు. "బావా, ఒరే బావా, యాక్సను సాలురా. ఇంటికి పద."

విదిలించుకున్నాను. లారీ చక్రం ముందు, ఆ తెల్ల దుమ్ములో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. గొట్టం దింపితే గాని లేవనన్నాను. పోర్టులో సమ్మె రోజుల్లో నేర్చుకున్న విద్య అది. ఆ రోజుల్లో నన్ను లేపడానికి నలుగురు పట్టేవారు. ఇప్పుడు ఒక్కడు చాలు, కాని మెళ్ళో దండ ఉన్న ముసలివాణ్ణి ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

బిల్డరు కాసేపు చూసి, "సరే, తాతగారి తృప్తి కోసం ఒకటి దింపండి," అన్నాడు.

ఒకటి దింపారు. దుమ్మే. ఇంకొకటన్నాను. దుమ్మే. బిల్డరు చాలన్నాడు. నేను ఆఖరన్నాను. మూడోది సగం దిగిందో లేదో, మోత మారింది. అంతవరకూ గరగరలాడుతున్నది గడగడమంది. పైకొచ్చే దుమ్ము కాస్త ముద్దగా వచ్చింది, బురదగా వచ్చింది, ఆ తరవాత తాటిచెట్టెత్తున నీళ్ళు లేచాయి.

నేను తడిసిపోయాను. దండ తడిసింది, పంచె తడిసింది. చేతులు రెండూ పైకెత్తి గెంతాను. ఈ వయసులో గెంతగలనని నాకే తెలీదు. "సూసినారా! ఉందన్నానా లేదా! నాను అబద్ధమాడినానా!" అని అరుస్తూ వెనక్కి తిరిగాను.

కమిటీ అంతా వరసగా నిలబడి ఉంది. తెల్ల దుమ్ము మీద నీళ్ళు పడి, మొహాల మీద చారలు కట్టి, ఎవరి మొహం ఎవరిదో తెలీడం లేదు. మూర్తి గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. మళ్ళీ పెట్టుకుని చూసినా కనబడేది నేనే కదా, అందుకేమో చాలాసేపు తుడిచారు.

బిల్డరు వచ్చి నా కాళ్ళకి దండం పెట్టాడు. నా మెళ్ళో దండ అడిగి తీసుకుని రిగ్గుకి వేశాడు. కమిటీ డబ్బుతో కొన్న దండ అది.

ఇంట్లో నూకరత్నం తువ్వాలు నా మీదికి విసిరి, ఒక్క మాటే అంది. "అంత లోతుకి తవ్వితే ఇసాపట్నంలో ఏ మూలైనా నీళ్ళు పడతాయి. సముద్రమైనా తగుల్తాది. దానికి నీ కాయి ఒకటి."

నేను తల తుడుచుకున్నాను, మూర్తి గారు కళ్ళజోడు తుడిచినంతసేపు.

ఎనిమిది అంతస్తులూ లేచాయి. మా పెరట్లోకి ఎండ పది దాటాక వచ్చి, భోజనం వేళకి వెళ్ళిపోతుంది. రెండో వేసవికి మా నుయ్యి అడుగు కనిపించింది, ఆ తరవాత బావ నుయ్యి, ఆ తరవాత మూర్తి గారిది. పెరడంతా కాయ పట్టుకుని తిరిగాను. కాయ పడుకునే ఉంది. బిల్డరు మాత్రం మర్యాదస్తుడు. అపార్ట్‌మెంటు గేటు పక్కన మా వీధి వాళ్ళ కోసం ఒక కుళాయి పెట్టించాడు. తాతగారు ఎప్పుడొచ్చినా ఆపొద్దని వాచ్‌మేన్‌కి చెప్పాడు. రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని వెళ్తాను. మూర్తి గారు నాతో మాట్లాడరు గాని, లైన్లో నా వెనకే నిలబడతారు. నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఆ మాట ఆయనతో అనాలని ప్రతి రోజూ నోటిదాకా వస్తుంది.

గోడ మీద రంగు మంచిది వాడానని చెప్పాను కదా. ఇంకా చెక్కు చెదరలేదు. ఆ అపార్ట్‌మెంటుకి వచ్చే చుట్టాలకి ఆటోవాళ్ళు దారి చెప్పేది దాన్ని బట్టే. "ఎనిమిది అంతస్తులు వద్దు అని రాసుంటాది సూడండి, ఆ గోడ దాటితే అదే."

ఇక నిన్నటి సంగతి. మా వెనక వీధిలో కోళ్ళ ఫారం స్థలంలో ఇంకోటి లేస్తోందట. ఇది పది అంతస్తులు. వెనక వీధి వాళ్ళూ కమిటీ పెట్టారు. నిన్న పొద్దున్న ఆ పది అంతస్తుల బిల్డరు కారేసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "తాతగారూ, ప్రసాద్ గారు మీ పేరు చెప్పారండి," అన్నాడు.

నేను రానన్నాను. గట్టిగానే అన్నాను. కాని అతని కారు సందు మలుపు తిరగకముందే వెనక వీధి కమిటీ, ముందు వీధి కమిటీ కలిసి మా ఇంటికొచ్చాయి. మూర్తి గారు కూడా వచ్చి, నాతో మాట్లాడకుండా మా ఆవిడతో మాట్లాడారు. "ఏవమ్మా, మీరే ఎలాగో చూసుకోవాలి."

"నానెల్లనని సెప్పినానుగా," అన్నాను.

ఎవరూ నమ్మలేదు. బావ వంటింట్లోకి వెళ్ళి కొబ్బరికాయలెన్నున్నాయో చూసొచ్చాడు. అప్పుడు మా ఆవిడ కత్తి తీసింది.

వెళ్ళనని మాటిచ్చాను. మాటంటే మాటే, వెళ్ళను. ఆ కోళ్ళ ఫారంలో నీళ్ళు ఉత్తరం మూలే ఉంటాయని నాకు ఊరికే అనిపిస్తోంది, అంతే. చూడాలని కాదు.

ఇవాళ పొద్దున్న పెరట్లో వేపచెట్టు కింద నిలబడి, పంగగా చీలిన కొమ్మ ఒకటి కోస్తున్నాను. మంచి పంగ, రెండు పక్కలా సమంగా ఉంది. వెనక నుంచి నూకరత్నం వచ్చింది.

"అదేటయ్యా?"

"పళ్ళు తోముకోడానికి," అన్నాను.

ఆవిడ కర్ర వంక చూసింది. తరవాత నా నోటి వంక చూసింది.